పళ్లపొడి కోలుకున్న వైనం

ఇకమీదట విశ్వవిద్యాలయంలో ఏ విద్యార్థీ దిగులు పడబోడని వైస్ ఛాన్సలర్ గారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. విద్యార్థుల మనసులను కుదుటపరిచే 'మనశ్శాంతి కేంద్రం' నలభై రోజుల్లో సిద్ధమవుతుందనీ, సాక్షాత్తు మంత్రిగారే వచ్చి రిబ్బను కత్తిరిస్తారనీ ఆయన చెప్పగానే ఆడిటోరియం ముందు వరుసల్లో ఉన్న ప్రొఫెసర్లు చప్పట్లు కొట్టారు. వెనక వరుసల్లో ఉన్న విద్యార్థులూ కొట్టారు. కొట్టనివాళ్లకు ఆ పూట అటెండెన్స్ పడదని ముందే చెప్పి ఉంచారు.

వీసీ గారు ఉత్త మాటల మనిషి కారు. ప్రకటన చేసిన సాయంత్రానికే బోర్డు రాయించారు. బుధవారానికల్లా లోగో వచ్చింది. రెండు అరచేతుల మధ్య ఒక మెదడు, ఆ మెదడుకో చిరునవ్వు. శుక్రవారానికి ఒక సలహా సంఘం, దాని సలహాలు పరిశీలించడానికి ఒక ఉపసంఘం, ఉపసంఘం కూర్చుంటోందో లేదో చూడటానికి ఒక పర్యవేక్షణ సంఘం ఏర్పడ్డాయి. లైబ్రరీ వెనక ఉన్న సామాన్ల గదిని కేంద్రానికి కేటాయించి, విరిగిన కుర్చీలు బయట పడేసి, గోడలకు లేత ఆకుపచ్చ రంగు కొట్టించి, మూడు సోఫాలు వేశారు. కౌన్సెలర్ పోస్టు కూడా మంజూరైంది. అందులోకి మనిషి మాత్రం రాలేదు.

"మనిషిదేముంది, ఎప్పుడైనా దొరుకుతాడు. సోఫాలు ముందుగా చెప్పకపోతే దొరకవు" అన్నారు రిజిస్ట్రార్ గారు. ఆయన ముందుచూపు గురించి క్యాంపస్‌లో కథలు కథలుగా చెప్పుకుంటారు.

ఇందులో ఏదీ పళ్లపొడికి సంబంధించిన విషయం కాదు. పళ్లపొడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. హాస్టల్లో చేరిన మొదటి రోజే, ఎదురైన ప్రతివాణ్ణీ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి పలకరించేసరికి సీనియర్లు ఆ పేరు ఖాయం చేశారు. నవ్వకుండా ఉండటం వాడికి చేతకాదు. నాటకాల క్లబ్బులో హాస్య పాత్రలన్నీ వాడివే. ఎక్కడ ఏ సభ జరిగినా స్వాగతం చెప్పడానికని వాణ్ణి పిలిచి, వందన సమర్పణ దాకా వదిలేవారు కారు. అలా సంస్థకు సేవ చేసి చేసి, ఆఖరి ఏడాది చివరికొచ్చేసరికి వాడి అటెండెన్స్ అరవై రెండు శాతం దగ్గర చతికిలబడింది. డెబ్బై ఐదు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది మట్టిగొట్టుకుపోతుంది. వాళ్లమ్మ బట్టలు కుట్టే మనిషి. ఉన్న ఒక్క గదిలో మిషను పోగా మిగిలిన చోట ఒదిగి పడుకుంటుంది. "నీ పరీక్షలైపోగానే ఈ మిషను తీసి మూల పెట్టి, కాళ్లు చాపుకుని పడుకుంటానురా" అని ఫోన్ చేసినప్పుడల్లా అనేది. అటెండెన్స్ సంగతి వాడు ఆమెకు చెప్పలేదు.

గదిలో వాడితో ఉండేవాణ్ణి అందరూ గణితం అంటారు. లెక్కల్లో దిట్ట. ఆర్నెల్ల కిందట అదే లెక్కల్లో ఒక పేపరు తప్పాడు. అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. పళ్లెంలో సగం వదిలేస్తాడు, పట్టపగలే గోడవైపు తిరిగి పడుకుంటాడు. పళ్లపొడి పొట్ట ముందుకు తోసి వార్డెన్ నడక నడిచి చూపిస్తే మాత్రం ఒక పెదవి చివర కాస్త కదిలేది. ఆ కాస్త కోసం పళ్లపొడి రోజూ నడిచేవాడు. అందుకే వీసీ గారి ప్రకటన విని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు వాడే.

"ఒరేయ్, ఇది నీకోసమే పెట్టార్రా" అంటూ ఆ మధ్యాహ్నమే దరఖాస్తు తెచ్చాడు.

దరఖాస్తు ఐదు పేజీలు. నాలుగు పేజీలు ఎలాగో నింపారు. ఐదో పేజీలో ధ్రువీకరణ ఉంది. 'నేను పూర్తి స్వస్థచిత్తంతో, ఎలాంటి మానసిక ఒత్తిడీ లేకుండా ఈ దరఖాస్తుపై సంతకం చేయుచున్నాను.' దరఖాస్తు తయారుచేసిన సూపరింటెండెంట్ గారు ఈమధ్యే వీలునామా రాయించుకున్నారు. అందులో భాష గంభీరంగా ఉందని మెచ్చుకుని, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇందులోకి దింపారు.

గణితం కలం పక్కన పెట్టేశాడు. "ఇది నేను పెట్టలేనురా. అబద్ధమవుతుంది."

పళ్లపొడి ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. సూపరింటెండెంట్ గారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి విషయం విన్నారు.

"సంతకం లేకపోతే అసంపూర్తి దరఖాస్తు బాబూ. తీసుకోను."

"పెడితే తీసుకుంటారా సార్?"

"తీసుకుంటాను. కానీ స్వస్థచిత్తం అని తనే రాసిచ్చాక ఇంక కౌన్సెలింగ్ ఎందుకు? తిరస్కరించాల్సి వస్తుంది."

"మరి ఎవరికిస్తారు సార్?"

సూపరింటెండెంట్ గారు ఆలోచించారు. "మా ఆఫీసు మొదలైనప్పట్నుంచీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదయ్యా" అని నిజాయితీగా ఒప్పుకున్నారు. పెన్సిల్‌తో 'పరిశీలనలో' అని రాసి దరఖాస్తును అట్టిపెట్టుకున్నారు. అంతవరకూ కేంద్రానికి వచ్చిన దరఖాస్తు అదొక్కటే.

ఇంతలో మంత్రిగారి పేషీ నుంచి ఫోను వచ్చింది. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ఒక లబ్ధిదారుడు మాట్లాడాలట. కేంద్రం వల్ల కోలుకున్నవాడు, ఉత్సాహంగా ఉన్నవాడు కావాలట. ఇంకా తెరవని కేంద్రంలో కోలుకున్నవాడు ఎక్కడ దొరుకుతాడని రిజిస్ట్రార్ గారు అడగలేదు. సమర్థుడైన అధికారి అలాంటి ప్రశ్నలు అడగడు. ఉన్న ఒక్క దరఖాస్తుదారుణ్ణి ఎంపిక సంఘం ముందుకు పిలిపించారు.

గణితాన్ని పళ్లపొడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. ఐదుగురు సభ్యులు, ఒక ప్లేటు బిస్కెట్లు. ఏం బాధ అని అడిగారు. గణితం నోరు తెరవబోయి ఏడ్చేశాడు. చాలాసేపు ఏడ్చాడు. సంఘం సానుభూతితో చివరిదాకా చూసి, ఫైల్లో ఇలా రాసింది: 'అభ్యర్థి దుఃఖం నిజమైనదే. అయితే మైకు దాకా చేరదు.'

అప్పుడు రిజిస్ట్రార్ గారి చూపు గుమ్మంలో నిలబడ్డ పళ్లపొడి మీద పడింది. గాబరాలో ఉన్నా వాడి పళ్లు కనబడుతూనే ఉన్నాయి.

"మొన్న క్రీడోత్సవంలో మైకు పట్టుకున్నది నువ్వే కదూ? అటెండెన్స్ ఎంత?"

"అరవై రెండు సార్."

"అయ్యో పాపం. అనారోగ్యం కింద మినహాయింపు ఇస్తే పరీక్ష రాసేస్తావు. నాదొక్క సంతకం. మంత్రిగారి ముందు పది నిమిషాలు మాట్లాడాలి, అంతే. చిన్న పాత్ర. మొదట దిగులు, తర్వాత సంతోషం."

"మరి వీడి సంగతి సార్?"

"చూద్దాం. ముందు మంత్రిగారిది కానీ."

పరీక్ష పోకుండా నిలుస్తుంది, గణితానికీ దారి దొరుకుతుంది. ఇంతకంటే ఏం కావాలనుకుని పళ్లపొడి సరేనన్నాడు.

మర్నాడు ఫొటోగ్రాఫర్‌ని పిలిపించారు. 'కేంద్రానికి ముందు', 'కేంద్రం తర్వాత' అని రెండు ఫొటోలు కావాలి. 'తర్వాత' ఒక్క నిమిషంలో అయిపోయింది. 'ముందు' తీయడానికి మూడు గంటలు పట్టింది. తల వంచమంటే వంచేవాడు, కళ్లు దించమంటే దించేవాడు. పళ్లు మాత్రం దాగేవి కావు.

"ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానయ్యా. ఒక్కటంటే ఒక్క నిజమైన విచారం ఇవ్వలేవూ?" అని ఫొటోగ్రాఫర్ కెమెరా దించి బతిమాలాడు.

"ఎంత ప్రయత్నించినా రావట్లేదు సార్. ఏమనుకోకండి."

చివరికి మొహాన్ని రెండు అరచేతుల్లో పెట్టించి తీశాడు. తీసిందాంట్లో పెద్దగా తృప్తి లేకుండానే వెళ్లిపోయాడు.

ఆ రెండు ఫొటోలూ ఇరవై అడుగుల హోర్డింగై మెయిన్ గేటు ముందు లేచాయి. అదే రోజు పళ్లపొడి మెస్‌లో ఎప్పటిలాగే ఒక జోకు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు వాడివైపు జాలిగా చూశారు.

"పైకి నవ్వుతున్నాడు పాపం. లోపల ఎంత ఉందో" అన్నాడొకడు పక్కవాడితో.

అప్పట్నుంచి వాడు నవ్వినప్పుడల్లా జనానికి గుండె తరుక్కుపోవడం మొదలైంది. వంటాయన ఒక గరిటె ఎక్కువ వడ్డించి భుజం తట్టేవాడు. వాలీబాల్ జట్టు వాణ్ణి నీడలో కూర్చోబెట్టి, ఒత్తిడి మంచిది కాదని చెప్పింది. నాటకాల క్లబ్బు హాస్య పాత్రను వేరేవాడికిచ్చి, "నీ మంచికేరా" అంది. వీసీ గారు స్వయంగా సర్క్యులర్ ఇచ్చారు. దాని ప్రకారం వార్డెన్ పగలంతా రెండు గంటలకోసారి వచ్చి "సంతోషంగా ఉన్నావా?" అని అడిగి సంతకం తీసుకోవాలి. వార్డెన్‌కు మోకాళ్ల నొప్పులు. రెండు రోజులు మెట్లెక్కి, మూడో రోజున ఆ పని గణితానికి అప్పజెప్పాడు. అలా గణితం అధికారికంగా 'తోడు మిత్రుడు' అయ్యాడు. చేతికో రిజిస్టర్ వచ్చింది.

ప్రతి ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా ఉపన్యాసం రిహార్సల్ ఉండేది. క్లాసులూ సరిగ్గా అప్పుడే ఉండేవి. ఉపన్యాసాన్ని మూడు సంఘాలూ దిద్దాయి. ఒక సంఘం దిగులు తక్కువైందంది, ఇంకో సంఘం దిగులుకు విశ్వవిద్యాలయం కారణమనిపించకూడదంది, మూడోది దిగులు అనే మాటే తీసేసి 'అల్పోత్సాహం' అని పెట్టింది. పళ్లపొడి అటెండెన్స్ యాభై నాలుగుకు దిగింది.

వీసీ గారి ప్రకటన వెలువడిన ఇరవయ్యో రోజున వాళ్లమ్మ వచ్చింది. ఎవరో హోర్డింగు ఫొటో తీసి పంపారట. కుడుతున్నది కుడుతున్నట్టే వదిలి బస్సెక్కినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ఏమైందిరా నాన్నా?"

"ఏం కాలేదమ్మా. అదంతా నటన."

"నటన అని చెప్పమన్నారా మీవాళ్లు?"

"కాదమ్మా, నిజంగా నటనే. చూడు, నవ్వుతున్నానుగా."

ఆమె వాడి నవ్వును చూసి మరింత బెంబేలెత్తింది. కొడుకు బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని, "నాకు చెప్పుకోలేనంత పెద్దవాడివి ఎప్పుడయ్యావురా?" అని అడిగింది. పళ్లపొడి ఆమెను బస్సెక్కించి తిరిగొచ్చి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడలా పడుకోవడం గణితం ఎప్పుడూ చూడలేదు.

గణితానికి ఏదీ సగంలో వదిలే అలవాటు లేదు. ఇచ్చిన రిజిస్టర్ గళ్లన్నీ నిండాలి. 'కలిసి భోజనం చేసెనా' అని ఒక గడి ఉంది కాబట్టి పళ్లపొడిని లేపి మెస్‌కు తీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని తనూ తినేవాడు. 'కలిసి నడిచెనా' అని ఉంది కాబట్టి సాయంత్రాలు గ్రౌండు చుట్టూ తిప్పేవాడు. 'సంభాషించెనా' అని కూడా ఉంది. పళ్లపొడి మాట్లాడటం తగ్గించేశాడు కాబట్టి ఆ గడి కోసం గణితమే మాట్లాడాల్సి వచ్చింది. తప్పిన పేపరు గురించి చెప్పాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదని చెప్పాడు. ఓ రోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పేసి వచ్చి, ఆ సంగతీ చెప్పాడు. పళ్లపొడి అన్నీ వినేవాడు. పళ్లపొడికి రోజుకు ఆరు 'అవును'ల చొప్పున నెల రోజులకు ఎన్ని సంతకాలవుతాయో గణితం నోటిలెక్కగా తేల్చాడు. గణితం ఇలా మళ్లీ లెక్కల్లో పడ్డ సంగతి కేంద్రం రికార్డుల్లోకి ఎక్కలేదు, ఎందుకంటే లబ్ధిదారుడు గణితం కాదు.

ప్రారంభోత్సవం అద్భుతంగా జరిగింది. మంత్రిగారు రెండు గంటలు మాత్రమే ఆలస్యంగా వచ్చారు. కౌన్సెలర్ కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని వ్యాయామ ఉపాధ్యాయుడికి కోటు తొడిగి కూర్చోబెట్టారు. ఆయన ఈల జేబులో పెట్టుకుని చాలా ప్రశాంతంగా కూర్చున్నారు. తర్వాత పళ్లపొడి మైకు ముందుకొచ్చాడు. అల్పోత్సాహం గురించి వాడు చెబుతుంటే హాల్లో రుమాళ్లు బయటికొచ్చాయి. వీసీ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. రిహార్సల్‌లో ఏ రోజూ అంత బాగా రాలేదు. కాగితంలో ఒక చోట 'ఇక్కడ నవ్వవలెను' అని ఉంది. పళ్లపొడి ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. బతుకులో మొదటిసారి నవ్వడానికి వాడికి కాగితం కావలసి వచ్చింది. నవ్వాడు. మంత్రిగారు పరవశించిపోయి, 'సంపూర్ణంగా కోలుకున్న విద్యార్థి నంబర్ వన్' అని సర్టిఫికెట్ మీద అక్కడికక్కడే సంతకం చేసి చేతికిచ్చారు.

నాలుగు రోజులకు పరీక్షలకు అర్హత లేనివారి జాబితా గోడకెక్కింది. అందులో పళ్లపొడి పేరుంది. మూడేళ్లలో ఆ అసలు పేరు అంత పెద్దక్షరాల్లో కనబడటం అదే మొదలు.

వాడు రిజిస్ట్రార్ గారి దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, మినహాయింపు ఇస్తామన్నారు."

"ఇచ్చిన మాట తప్పే మనిషినా బాబూ? అనారోగ్యం కింద ఇస్తామన్నాం. నీకు అనారోగ్యమేదీ? సంపూర్ణంగా ఆరోగ్యవంతుడివని మంత్రిగారే సంతకం పెట్టారు. మంత్రిగారి సంతకాన్ని కాదనమంటావా?"

"అంతకుముందు బాగాలేదు కదా సార్. గేటు ముందు హోర్డింగే ఉంది."

"అప్పటికి కేంద్రం లేదు. కేంద్రం లేనప్పటి అనారోగ్యాన్ని ఎవరు ధ్రువీకరిస్తారు?"

పళ్లపొడి గొంతు తగ్గింది. "ఇప్పుడైతే నిజంగానే బాగాలేదు సార్. నిద్ర పట్టట్లేదు. నవ్వు రావట్లేదు. కౌన్సెలర్ గారినైనా ఒకసారి కలవనివ్వండి."

"ఆయన ఈల వేసుకుంటూ గ్రౌండులో ఉంటారు. అయినా తిరగబెట్టిందని రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? మన విజయం నూటికి నూరు శాతం. లబ్ధిదారుడివి నువ్వొక్కడివే. నీకు బాగాలేకపోతే అది సున్నా అవుతుంది. ఒక్క మనిషి కోసం ఇంత పెద్ద సంస్థను సున్నా చేస్తావా?"

పళ్లపొడికి అది న్యాయంగా తోచలేదు గానీ ఎక్కడ తప్పో కూడా తోచలేదు. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాడు. ఏడాది పోయిందని చెప్పాడు. అవతల మిషను చప్పుడు ఆగింది.

"పోతే పోనీరా" అంది ఆమె. "నువ్వు దక్కావు, అంతే చాలు. మిషను ఇంకో ఏడు ఇక్కడే ఉంటుంది, దానికేం తొందర?"

వాడు నడిచి నడిచి మనశ్శాంతి కేంద్రం మెట్ల మీద కూలబడ్డాడు. తలుపుకు తాళం ఉంది. సోఫాలు మాసిపోకుండా ప్లాస్టిక్ కవర్లు తొడిగి, తాళంచెవి రిజిస్ట్రార్ గారి సొరుగులో భద్రపరిచారు. వాణ్ణి వెతుక్కుంటూ గణితం వచ్చి, రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. జాబితా తనూ చూశాడు.

ఆ సమయానికి ఫొటోగ్రాఫర్ కేంద్రం బయటి గోడల ఫొటోలు తీసుకుంటూ అటొచ్చాడు. వార్షిక నివేదికకు కావాలట. పళ్లపొడి మొహం చూసి చటుక్కున ఆగి, మోకాలి మీద కూర్చుని టకటకా మూడు తీశాడు.

"అబ్బ! ఇదీ ఫొటో అంటే" అన్నాడు మనస్ఫూర్తిగా. "ఆ రోజు ఎంత బతిమాలినా ఇవ్వలేదు కదయ్యా! ఇంత ప్రతిభ ఎక్కడ దాచావు? 'ముందు'ది తీయించేసి ఇది పెట్టిస్తానుండు."

ఆయన ఉత్సాహంగా కెమెరా చూసుకుంటూ పక్కకు వెళ్లాక, గణితం అలవాటు కొద్దీ గడియారం చూశాడు. నాలుగైంది. రిజిస్టర్ తెరిచాడు.

"సంతోషంగా ఉన్నావా?"

"నిజం చెప్పనా?"

గణితం గళ్లన్నీ పైనుంచి కింది దాకా వేలు పెట్టి వెతికాడు. "నిజానికి గడి లేదురా" అన్నాడు.

అని, తను అన్న మాటకు తనే నవ్వాడు. మొదట ముక్కుతో నవ్వాడు, తర్వాత గొంతుతో నవ్వాడు, తర్వాత ఆపుకోలేక రిజిస్టర్ జారవిడిచి పొట్ట పట్టుకున్నాడు. ఆర్నెల్లుగా కూడబెట్టిన నవ్వు కాబోలు, ఎంతకీ తెగలేదు. పళ్లపొడి వాణ్ణి వింతగా చూశాడు. చూస్తూ చూస్తుండగానే వాడి పెదవులు విడిపోయి, పోయిన పళ్లన్నీ తిరిగొచ్చాయి. ఏడాది పోయిన మాట నిజమే. అయినా ఆ క్షణాన వాడికి ఎక్కడో హాయిగా ఉంది.

రిజిస్ట్రార్ గారు, సూపరింటెండెంట్ గారు ఆ దారినే వచ్చారు.

"నీకోసమే చూస్తున్నాం బాబూ" అన్నారు రిజిస్ట్రార్ గారు ఆప్యాయంగా. "వచ్చే ఏడు వార్షికోత్సవానికి మంత్రిగారు మళ్లీ వస్తున్నారు. నిన్నే మాట్లాడమన్నారు. ఎలాగూ ఇక్కడే ఉంటావుగా."

పళ్లపొడి దండం పెట్టాడు. రిజిస్ట్రార్ గారు ఇంకా నవ్వాగని గణితం వైపు తిరిగి, ఎగాదిగా చూశారు.

"ఈ కుర్రాడెవరు? చక్కగా, కలకల్లాడుతూ ఉన్నాడు. మనకు రెండో లబ్ధిదారుడు కావాలి కదండీ."

సూపరింటెండెంట్ గారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి పరకాయించారు. "ఇతనిదొక దరఖాస్తు నా దగ్గర పరిశీలనలో ఉంది సార్. ఐదో పేజీలో సంతకం ఒక్కటే తక్కువ." సంచీలోంచి కాగితాలు తీసి మెట్టు మీద పరిచారు.

గణితం కళ్లు తుడుచుకుని ఐదో పేజీ తీశాడు. 'పూర్తి స్వస్థచిత్తంతో, ఎలాంటి మానసిక ఒత్తిడీ లేకుండా' అన్న వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇప్పుడు పెట్టొచ్చురా. అబద్ధం కాదు" అన్నాడు పళ్లపొడితో, సంతకం చేస్తూ.

దరఖాస్తు ఆ సాయంత్రమే మంజూరైంది.